చర్చ: నాలుగేళ్ల పిల్లల్ని సాయంత్రం కిందికి ఆటలకు పంపాలా, వద్దా?

కూకట్‌పల్లి అమ్మ
మాది అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. పాపకు నాలుగేళ్లు. స్కూల్ నుంచి పన్నెండున్నరకు వచ్చేస్తుంది, ఇక పడుకునేదాకా ఇంట్లోనే. కింద పార్కింగ్ తప్ప ఖాళీ జాగా లేదు. బంతి తగిలి ఒకరి కారుకు గీత పడిందని అసోసియేషన్ వాళ్లు పోయిన నెల ‘ఇక్కడ ఆటలు ఆడరాదు’ అని బోర్డు పెట్టారు. మా అత్తమ్మ ‘పోనీలే, ఇంట్లో ఉంటే దెబ్బలు తగలవు’ అంటారు. సోఫా మీది నుంచి దూకడమే దాని ఆట అయిపోయింది. చూస్తుంటే బాధగా ఉంది. మీరేం చేస్తున్నారు?

అంబర్‌పేట నాన్న
నేను పంపను. 2023 ఫిబ్రవరిలో మా అంబర్‌పేటలోనే నాలుగేళ్ల బాబును వీధికుక్కలు కరిచి చంపేశాయి. ఆ సీసీటీవీ వీడియో చూశాక చాలా రోజులు నిద్ర పట్టలేదు. మా వాడికి ఇప్పుడు సరిగ్గా అదే వయసు. ఇంట్లోనే పాటలు పెట్టి డాన్స్ చేయిస్తాం. అదీ వ్యాయామమే కదా?

ప్రీస్కూల్ టీచర్, మల్కాజిగిరి
మీ భయం నిజమైనది సార్, దాన్ని తీసిపారేయను. డాన్స్ కూడా మంచిదే. కానీ ఇల్లు, బయట ఒకటి కావు.

మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలని, అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అదే చోట, స్క్రీన్ ముందు కూర్చునేది గంట మించకూడదని కూడా చెప్పింది. రెండు పడకగదుల ఇంట్లో అంతసేపు పరుగెత్తేది ఎక్కడ? పగటి వెలుతురులో ఎక్కువ గడిపే పిల్లలకు దూరపుచూపు మందగించే ముప్పు తగ్గుతుంది. ఇంట్లో ట్యూబ్‌లైట్ ఆ పని చేయలేదు.

నా క్లాసులో ఒంటికాలి మీద నాలుగు గెంతులు వేయలేని పిల్లలు ఉన్నారు. మెట్లు దిగాలంటే రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుంటారు. తల్లిదండ్రులేమో రాత ఎప్పుడు మొదలుపెడతారని అడుగుతారు. ఇసుక తవ్వి, ఊయల గొలుసు పట్టుకుని ఊగితే చేతికి బలం వస్తుందండీ. పెన్సిల్ తర్వాత.

అంబర్‌పేట నాన్న
మేడమ్, మేమిద్దరం ఇంటికి చేరేసరికి ఏడున్నర. మూడు గంటలు ఎక్కడి నుంచి తేవాలి?

ప్రీస్కూల్ టీచర్, మల్కాజిగిరి
ఒకేసారి కాదు సార్, రోజంతా కలిపి. స్కూల్‌కు నడిచి వెళ్లడం, మెట్లెక్కడం కూడా లెక్కే. పొద్దున ఏడింటికి పావుగంట మీరే చెయ్యి పట్టుకుని బయట తిప్పండి. ఎండాకాలంలోనైతే ఎలాగూ ఆ టైమే నయం, సాయంత్రం ఆరు దాకా నేల సెగలు కక్కుతుంది. వాణ్ణి ఒంటరిగా వదలమని ఎవరూ అనడం లేదు.

సీతాఫల్‌మండి తాత
అమ్మా, మాకూ ఇలాంటి బోర్డే ఉండేది. ఇప్పుడు ఆరు నుంచి ఏడు దాకా వాచ్‌మన్ గేటు మూసి ఉంచుతాడు. కారు వస్తే ముందు చూసుకుని, పిల్లల్ని పక్కకు పిలిచాకే లోపలికి వదులుతాడు. మా పెద్దవాళ్లం ముగ్గురం వంతులవారీగా కుర్చీ వేసుకుని కూర్చుంటాం. నేల-బండ, దాగుడుమూతలు మేమే నేర్పాం. గేటు మూసి ఉంటే కుక్కల భయమూ లేదు బాబూ.

కూకట్‌పల్లి అమ్మ
తాతగారూ, కార్ల వాళ్లు ఎలా ఒప్పుకున్నారు? మా సెక్రటరీ వచ్చే మీటింగ్‌లో చూద్దామన్నారు.

సీతాఫల్‌మండి తాత
గట్టిగా వద్దన్నది ఒక్కరే. ఆయన కారుకు మేమే తలా కొంత వేసుకుని మందపాటి కవర్ కొనిచ్చాం. స్పాంజి బంతి తప్ప వేరే బంతి వద్దని పిల్లలకు చెప్పాం. మొదట నెల రోజుల పాటు మాత్రమే ఆడనివ్వమని అడిగాం. మీటింగ్‌కు ఒక్కరే వెళ్లకండమ్మా, పిల్లలున్న ఇళ్లన్నీ కలిసి వెళ్లండి. పాపను కూడా తీసుకెళ్లండి.