గేరు సైకిలు: ఆన్‌లైన్ సేల్లో 8,999 ది కొనాలా, టౌన్లో షాపులో 15,500 పెట్టాలా?

సాగర్‌నగర్ వాసి:

అందరికీ నమస్కారం. ఉండేది విశాఖ సాగర్‌నగర్, ఆఫీసు రుషికొండ ఐటీ హిల్స్. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు తొక్కాలని, సెలవు రోజుల్లో తొట్లకొండ ఎక్కాలని, ఎర్రమట్టి దిబ్బల దగ్గర మట్టి దారుల్లో తిరగాలని కోరిక. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు 84 కిలోలు. సైకిలు తొక్కి చాలా ఏళ్లయింది.

ఆన్‌లైన్ సేల్లో ఒకటి 8,999 కి వస్తోంది. 27.5 అంగుళాల చక్రాలు, 21 గేర్లు, ముందూ వెనకా షాకబ్జర్లు, రెండు డిస్క్ బ్రేకులు. 85 శాతం బిగించి పంపుతారట, మిగతాది మనమే బిగించుకోవాలి. టౌన్లో సైకిలు షాపు ఆయన చూపించింది 15,500. దానికి షాకబ్జర్లు ముందు మాత్రమే. గేర్లు అవే 21, బ్రేకులు అవే డిస్కులు. తక్కువ సామానుకి దాదాపు 6,500 ఎక్కువ ఎందుకని అడిగితే "తొక్కి చూడండి సార్, తెలుస్తుంది" అన్నాడాయన. ఒక రౌండు తొక్కాను. బాగానే ఉంది గానీ 6,500 బాగుందో లేదో నాకు తెలియలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

రాత్రి డ్యూటీ:

బ్రో, నేను ఆన్‌లైన్లోనే కొన్నాను, ఏడాది దాటింది, ఏ ఇబ్బందీ లేదు. కాకపోతే పాలిటెక్నిక్ రోజుల నుంచీ పానాలతో పని చేయడం నాకు అలవాటు. డబ్బా రాగానే రెండు హబ్బులూ (చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగాలు) విప్పి, పాత గ్రీజు తుడిచి, కొత్తది పెట్టి, గేర్లు నేనే సెట్ చేసుకున్నాను. ఆ పని వస్తే డబ్బు మిగుల్తుంది. రెండు షాకబ్జర్లది మాత్రం కొనకు. నేను తీసుకున్నదానికి ఫోర్కులో, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లలో, అసలు షాకబ్జరే లేదు.

గాజువాక ఫిట్టరు:

సాగర్‌నగర్ బాబూ, షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. మా వీధిలో ఎవరింటికి సైకిలు డబ్బా వచ్చినా పానాల సంచీ పట్టుకుని వెళ్లేది నేనే. డబ్బు తీసుకోను. ఏ షాపుకీ వకాల్తా పుచ్చుకోవాల్సిన అవసరం కూడా నాకు లేదు.

మీరు రాసినదాంట్లో చక్రాలు, గేర్లు, బ్రేకులు అన్నీ ఉన్నాయి. సరిగ్గా బిగించేది ఎవరన్నది లేదు. ఆ 6,500 లో కొంత సామాను నాణ్యత, కొంత షాపు అద్దె, కొంత ఆయన లాభం. మిగిలింది బిగింపు కూలి. సైకిలు ఎక్కడ కొన్నా ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి. 85 శాతం అయిపోయిందని డబ్బా మీద రాసినంత మాత్రాన అది అయిపోయినట్టు కాదు.

ఎందుకంటున్నానో చెప్తాను. డబ్బాలోంచి తీసిన చవక సైకిలు చక్రం చేత్తో పట్టుకుని ఇరుసుని వేళ్లతో తిప్పండి. చాలావాటికి గరగరమంటుంది. కోన్లు, అంటే ఇరుసు మీద బేరింగు గుళ్లని నొక్కిపట్టే నట్లు, బిర్రుగా బిగించేసి ఉంటాయి, గ్రీజు పేరుకి పూసి ఉంటుంది. అలాగే తొక్కితే కొన్ని నెలల్లో కోన్ మీద గుంటలు పడతాయి. ఆ తర్వాత ఎంత గ్రీజు పెట్టినా ఆ చప్పుడు పోదు, కోన్లు మార్చాల్సిందే. చువ్వలూ అంతే. మెషీను మీద బిగించిన చువ్వలు మనిషి బరువు పడ్డాక సర్దుకుని వదులవుతాయి. మొదటి నెలలో ఒకసారి బిగువు చూసి బెండు తీయించాలి. మీది 84 కిలోలు, వదిలేస్తే వెనక చక్రంలో చువ్వలు తెగడం మొదలవుతుంది.

ఎడమ పెడలుకి మర ఎదురు తిరుగుతుంది. పెడళ్ల మీద ఎల్, ఆర్ అక్షరాలు ఉన్నది అందుకే. మా వీధిలో ఒక కుర్రాడు తారుమారుగా పెట్టి బలంకొద్దీ తిప్పాడు, క్రాంకులో, అంటే పెడలు బిగించే కడ్డీలో, మర మొత్తం పోయింది. పెద్ద మార్కెట్లలో వరసగా నిలబెట్టిన సైకిళ్లలో ఫోర్కు వెనక్కి తిరిగి ఉండగానే హ్యాండిల్ బిగించినవి నా కళ్లతో చూశాను. ముందు చక్రానికి డిస్కుని నొక్కే బ్రేకు ముక్క మీ ఎడమవైపు, ఫోర్కు కాలికి వెనకవైపు ఉండాలి. అది కుడివైపున ముందుకొచ్చి కనిపిస్తే ఫోర్కు తిరగబడినట్టే, దాని మీద ఎక్కకండి. ఆ బిగించిన మనిషిని తప్పుపట్టను. అతనికి రోజుకి ఇన్ని సైకిళ్లు నిలబెట్టాలని లెక్క ఉంటుంది. మీరు మళ్లీ అతని ముఖం చూడరు. షాపులో అయితే వారం తిరక్కుండా అదే సైకిలు తీసుకొచ్చి ఆయన ముందు నిలబెడతారు. ఆ భయం ఉన్నచోటే పని బాగుంటుందని నా నమ్మకం.

ఇక వెనక షాకబ్జరు. 8,999 లో వచ్చేది వట్టి స్ప్రింగు. కుంగినదాన్ని మెల్లగా లేపడానికి లోపల నూనె గానీ గాలి గానీ ఉండదు. తొట్లకొండ ఎక్కేటప్పుడు పెడలు తొక్కిన ప్రతిసారీ సైకిలు కుంగుతుంది, లేస్తుంది. మీ కాలి బలంలో కొంత దానికే పోతుంది. అలాంటివి 17, 18 కిలోలు తూగుతాయి కూడా.

గేర్లు 21 అన్నది చూసి మోసపోకండి. ముందు 3, వెనక 7, గుణిస్తే 21, అంతే. కొండ ఎక్కడానికి కావాల్సింది ముందు అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం, వెనక అన్నిటికన్నా పెద్దది. ముందు 28 పళ్లు, వెనక 28 పళ్లు అయితే పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 27.5 చక్రానికి అది 2 మీటర్ల పైచిలుకు. ముందు 24, వెనక 34 అయితే ఒక చుట్టుకి మీటరున్నర మాత్రమే. తొట్లకొండ మలుపుల్లో ఆ తేడా మీ మోకాళ్లకి తెలుస్తుంది. రెండు సైకిళ్లవీ వెనక పళ్లు లెక్కపెట్టి చూడండి.

మన ఊరికి ఇంకోటి కూడా చూడాలి. షిప్‌యార్డులో పనిచేసినవాడికి ఇది చెప్పనక్కర్లేదు. అల్యూమినియం ఫ్రేములో ఇనుప సీటు గొట్టం దింపి గ్రీజు లేకుండా వదిలేస్తే, ఈ ఉప్పుగాలికి రెండు లోహాల మధ్య తుప్పు పుట్టి అతుక్కుపోతాయి. ఏడాది తర్వాత సీటు పైకి లాగాలంటే సుత్తి తియ్యాలి. కొన్న రోజునే గొట్టం పైకి తీసి గ్రీజు పూయించండి. బీచ్ రోడ్డు మీంచి వచ్చిన రోజు చెయిను పొడిగుడ్డతో తుడిచి ఒక్కో లింకుకి ఒక్కో చుక్క నూనె వెయ్యండి.

భీమిలి టీచరమ్మ:

ఫిట్టరు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. సైజు ఎవరూ అడగలేదు. ఆన్‌లైన్ సైకిలు ఒకే ఫ్రేములో వస్తే వద్దు. మా అబ్బాయి ఎత్తు మీ అంతే ఉంటాడు. 16 అంగుళాల ఫ్రేము మీద కొన్నాళ్లు తొక్కి మోకాళ్లు నొప్పి అన్నాడు. 18 కి మార్చాక సర్దుకుంది. ఫ్రేము పై గొట్టానికి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడి చూడండి, గొట్టానికీ మీకూ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి. షాపులో అయితే అది నిమిషంలో తేలిపోతుంది. నేను షాపువైపే ఉండడానికి పెద్ద కారణం ఇదే.

ఆర్కే బీచ్ నుంచి మా ఊరికి సుమారు 25 కిలోమీటర్లు, అంతా తారు రోడ్డు. బొడిపెల టైర్లతో రోజూ అది తొక్కడం శ్రమ. గాలి ఎక్కువ కొట్టుకోండి, లేదా మధ్యలో నున్నగా ఉండే టైర్లు వేయించమని షాపు ఆయన్ని అడగండి.

ఇంకొక మాట, దయచేసి పట్టించుకోండి. ఎర్రమట్టి దిబ్బల లోపలికి సైకిలు తీసుకెళ్లకండి. అది జాతీయ భూవారసత్వ ప్రదేశం. ఆ గట్లు వేల ఏళ్ల ఇసుక, వానకే కరుగుతాయి. టైరు చేసిన గాడిలో మరుసటి వాన నీళ్లు పారితే అది కాలువైపోతుంది. పిల్లల్ని తీసుకెళ్లిన ప్రతిసారీ కొత్త గాళ్లు చూసి బాధపడుతుంటాను. నడిచి చూడండి. సైకిలుకి పక్కన పొలాల మట్టి దారులు చాలు.

సాగర్‌నగర్ వాసి:

టీచరుగారూ, దిబ్బల సంగతి నాకు తెలియదు. లోపలికి సైకిలు తీసుకెళ్లను. ఫిట్టరు గారూ, ఒక ప్రశ్న. 8,999 ది కొని, బిగింపుకి మిమ్మల్నే రమ్మంటే?

గాజువాక ఫిట్టరు:

వస్తాను బాబూ, సంతోషంగా వస్తాను. కానీ హబ్బులు, చువ్వలు, గేర్లు నేను సరిచెయ్యగలను, ఆ వెనక స్ప్రింగుని సరిచెయ్యలేను. ఎంత బాగా బిగించినా అది కుంగుతూనే ఉంటుంది. రాత్రి డ్యూటీ బాబు కొన్నట్టు గట్టి ఫోర్కుది, మీ సైజులో దొరికితే చెప్పండి, అప్పుడు ఆన్‌లైన్ అయినా నాకు అభ్యంతరం లేదు.

షాపులన్నీ మంచివని కూడా అనను. డబ్బా విప్పి హ్యాండిల్ తిప్పి గాలికొట్టి ఇచ్చేసే షాపులు మన టౌన్లోనూ ఉన్నాయి. అలాంటి చోట 6,500 ఎక్కువ పెట్టడం దండగ. అడిగి తేల్చుకోండి. ఇచ్చే ముందు హబ్బులు విప్పి చూస్తారా? నెల తర్వాత చువ్వల బిగువు, గేర్ల తీగలు ఉచితంగా చూస్తారా? బెండు తీసే స్టాండు షాపులోనే ఉందా, బయటికి పంపుతారా? గేర్లు వేలాడే ముక్క, అదే హ్యాంగరు, వంగితే అదే కొలత ముక్క దగ్గరుంటుందా? పక్కకి పడితే ముందు వంగేది అదే. అది దొరక్కపోతే సైకిలు నెలలపాటు గోడకే ఉంటుంది. స్పోర్ట్స్ సామాన్ల పెద్ద దుకాణాల్లో లోపలే వర్క్‌షాపు ఉంటే వాళ్లనీ ఇవే అడగండి. జవాబులు బాగుంటే అదీ షాపు కిందే లెక్క.

వెనక గేర్ల గుత్తి ఫ్రీవీలా (హబ్బు మీద మరతో బిగించేది), క్యాసెట్టా (హబ్బు గాళ్లలోకి జారించేది) అని కూడా అడగండి. ఫ్రీవీల్లో బేరింగు ఇరుసు చివరికి దూరంగా, లోపలికి ఉంటుంది. మీ బరువుతో గతుకుల దారి తొక్కితే ఇరుసు వంగే అవకాశం ఎక్కువ. 7 గేర్లవి ఎక్కువగా ఫ్రీవీలే, 8 నుంచి పైకి క్యాసెట్టు దొరుకుతుంది. ఇంకో రెండు మూడు వేలు పెట్టగలిగితే డిస్కు బ్రేకుల కన్నా ముందు క్యాసెట్టు మీద పెట్టండి.

రాత్రి డ్యూటీ:

బిల్లు కూడా చూసుకో బ్రో. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటు చీటీ అంటించి ఉంటే అడుగు.

సాగర్‌నగర్ వాసి:

సాయంత్రం షాపుకి వెళ్లొచ్చాను. హబ్బులు విప్పి చూపిస్తానన్నాడు, స్టాండు అక్కడే ఉంది, మొదటి సర్వీసు ఉచితం. 15,500 ది ఫ్రీవీలే, వెనక పెద్దది 28 పళ్లు. 34 ది తేడా డబ్బు తీసుకుని మారుస్తానన్నాడు, చెయిను కూడా పొడవుది వెయ్యాలట. 8 గేర్ల క్యాసెట్టుది 18,200 చెప్పాడు, 18 అంగుళాల ఫ్రేము వారంలో తెప్పిస్తాడట. దేనికి వెళ్లమంటారు?

గాజువాక ఫిట్టరు:

18,200 ది. వెనక పెద్దది ఎన్ని పళ్లో లెక్కపెట్టాకే అడ్వాన్సు ఇవ్వండి. డబ్బా విప్పేటప్పుడు మీరు ఎదురుగా ఉంటానని చెప్పండి. మంచి పనివాడు కాదనడు. సీటు గొట్టానికి గ్రీజు మరిచిపోకండి.