అప్‌డేట్: వ్యసన విముక్తి కౌన్సెలింగ్ చదువు, మహబూబ్‌నగర్ నుంచి

డిగ్రీ తరువాత ఎమ్మే సైకాలజీ చదవాలా, ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదవాలా అని నేను అడిగిన ప్రశ్నకు ఓపికగా జవాబిచ్చిన పెద్దలందరికీ నమస్కారాలు. నేను ఎమ్మెస్‌డబ్ల్యూలో చేరాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ (మానసిక రోగులకు, వారి కుటుంబాలకు అండగా ఉండే సామాజిక కార్యకర్త) కావాలంటే దాని తరువాత ఆ విభాగంలోనే రెండేళ్ల ఎంఫిల్ కూడా ఉండాలి కనుక, దారి పొడవైనదే.

అయినా ఈ ఎంపికే సరైనదని నా నమ్మకం, ఎందుకంటే మా పాలమూరు పల్లెల్లో సమస్య తాగేవారి మనసులో మాత్రమే లేదు. ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు కలిగించే మందులు కలిపిన కల్లుకు ఏళ్ల తరబడి అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, మతి తప్పి మాట్లాడతారు, కొందరికి ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. దీన్ని దయ్యమనో మొండితనమనో అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలని ఇంటివారికి ముందే చెప్పడం, డాక్టరు పర్యవేక్షణలో, ఆసుపత్రిలో ఇచ్చే మందు మోతాదు మెల్లగా తగ్గించే రోజుల్లో వారికి తోడుండటం, ఆ తరువాత కూలి పని, అప్పులు, వలస వంటి చిక్కుల మధ్య మనిషి మళ్లీ నిలదొక్కుకునేలా చూడటం, ఇదంతా పునరావాసంలో భాగమే.

ఎంఫిల్ కోసం బెంగళూరులోని నిమ్హాన్స్ (జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ) ప్రవేశ పరీక్షకు సిద్ధం కావాలనుకుంటున్నాను. అక్కడ చదివినవారు ఎవరైనా ఉంటే, పరీక్షకు ఎలా చదవాలో దయచేసి చెప్పగలరు.