ఓడలో సూట్ గది వాళ్ల రెస్టారెంట్‌కు అత్తమామల్ని వెంట తీసుకుపోవచ్చా? పెద్ద బావ పట్టు, చిన్న బావ మౌనం

ములుగురోడ్డు (చర్చ మొదలుపెట్టింది నేనే)

అందరికీ నమస్తే. మా బాపు షష్టిపూర్తి హన్మకొండలో చేసి, ఆ వెంటనే ఇంటిల్లిపాదీ సింగపూర్ పోయి ఓడ ఎక్కుతున్నాం. రాయల్ కరేబియన్ అనే విహార ఓడల కంపెనీది, క్వాంటమ్ తరహా అంటారు ఆ ఓడను. మా వరంగల్ మామునూరులో విమానాలు ఎగిరేదాకా ఆగితే బాపుకు సహస్ర చంద్ర దర్శనం కూడా వచ్చేట్టుంది, అందుకే శంషాబాద్ నుంచే పోతున్నాం.

డాలస్‌లో ఉండే పెద్ద బావ, పెద్దక్క సూట్, అంటే ఖరీదైన పెద్ద గది తీసుకున్నారు. బాపు, అమ్మ ఒక బాల్కనీ గదిలో, నేనూ నా భార్యా ఇంకో బాల్కనీ గదిలో. పరకాల చిన్న బావ, చిన్నక్క, పిల్లలు కిటికీ లేని లోపలి గదుల్లో. ఎవరి ఖర్చు వాళ్లది, బాపు అమ్మల టికెట్లు మాత్రం ముగ్గురం పంచుకున్నాం.

ఆ ఓడలో కోస్టల్ కిచెన్ అని సూట్ వాళ్లకు మాత్రమే ఒక రెస్టారెంట్ ఉంది. "ఒక్క రాత్రి అత్తయ్యను, మామయ్యను అక్కడ కూర్చోబెట్టి తినిపిస్తా, ఓడ ఎక్కినంక అక్కడి స్టాఫ్‌తో మాట్లాడి ఒప్పిస్తా, కావాలంటే డబ్బు కూడా కడతా" అని పెద్ద బావ అంటున్నాడు. చిన్న బావ ఏమీ అనలేదు. "ఆ పూట మేం బఫేలో తింటాం లే" అన్నాడంతే. ఆ 'లే' దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది.

అసలు రూల్ ఏంటి? రూల్ కాదంటే అడగడం మర్యాదేనా?

కాజీపేట జంక్షన్

రూల్ సంగతి ముందు తేల్చేస్తాను. సూట్‌లో పేరున్నవాళ్లకే ప్రవేశం. అతిథుల్ని తెచ్చుకోవచ్చని ఎక్కడా హామీ లేదు. పైగా సూట్‌లలోనే ఎక్కువ తక్కువ స్థాయిలున్నాయి. జూనియర్ సూట్ వాళ్లకు అక్కడ రాత్రి భోజనం ఒక్కటే, పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం లేవు. అంతకు పై సూట్ల వాళ్లకు మూడు పూటలా. డబ్బు కట్టిన వాళ్లలోనే ఇంత లెక్క చూసేవాళ్లు బాల్కనీ గది వాళ్లను లోపలికి రానిస్తారని నేననుకోను.

సూట్ లేకుండా లోపలికి వెళ్లే దారి ఇంకొకటి ఉంది. వాళ్ల లాయల్టీ పథకంలో 700 పాయింట్లు దాటి పినకిల్ స్థాయికి చేరినవాళ్లకు, ఖాళీ ఉంటే చోటిస్తారు. రాత్రికి ఒక పాయింట్, సూట్ అయితే రెండు. అంటే ఓడల మీదే సగం సంసారం చేసినవాళ్లకన్నమాట. మీ బాపుకు ఆ దారి పనికిరాదు.

డాలర్ శేషం

రూల్ రూలే కానీ, ఓడలో 'నో' అనే మాట చివరిదాకా ఎవరూ అనరు. సూట్‌కు కట్టే డబ్బు మామూలు గదికి రెండింతలో మూడింతలో ఉంటుంది. టిప్పు కూడా ఎక్కువే. ఆ కంపెనీలోనే 2024 చివర్లో మనిషికి రోజుకు మామూలు గదికి 18.50 డాలర్లు, సూట్‌కు 21 డాలర్లు చేశారు. అంత కట్టినవాడు కన్నబిడ్డనిచ్చిన అత్తమామలకు ఒక్క పూట అన్నం పెట్టిస్తానంటే తప్పేంటి? అల్లుడు అడక్కపోతే తిడతారు, అడిగితే మర్యాద తెలియదంటారు.

పైగా ఆ రెస్టారెంట్లు మధ్యాహ్నం సగం ఖాళీగా ఉంటాయి. ఖాళీ కుర్చీలో పెద్దమనిషి కూర్చుంటే ఎవరి సొమ్ము పోయింది?

సుబేదారి రిటైర్డ్ టీచర్

బాబూ, ఖాళీ కుర్చీ అన్న మాట మీదే నా అభ్యంతరం. మన ఫంక్షన్ హాళ్లలో ఈమధ్య పక్కన వీఐపీ డైనింగ్ అని ఒక ఏసీ గది పెడుతున్నారు చూశారా? మగపెళ్లివారి పెద్దలు, ఎమ్మెల్యేగారి మనుషులు అందులో. మొదట పదిమందికని పెడతారు. ఒకాయన తన తోడల్లుణ్ణి తెస్తాడు, తోడల్లుడు పిల్లల్ని తెస్తాడు. గంటలో అక్కడ బయట బంతి కంటే ఎక్కువ తొక్కిసలాట. చివరికి ఎవరికోసం పెట్టారో ఆ ముసలాయన ఆకు కోసం నిలబడి ఉంటాడు. నేను కళ్లారా చూశాను.

డాలర్ శేషం

టీచర్ గారూ, పెళ్లిలో ఎవరూ టికెట్ కొనలేదు. పిలిచినవాడు పెట్టాలి, వచ్చినవాడు తినాలి. ఇక్కడ పెద్ద బావ గెస్టుకు కూడా డబ్బు కడతానంటున్నాడు కదా. ఆ పోలిక నిలబడదు.

సుబేదారి రిటైర్డ్ టీచర్

కడతానన్నా తీసుకునే పద్ధతి అక్కడ లేనప్పుడు అది కట్టడం కాదు, బతిమాలడం.

గ్యాలీ నుంచి

జనగామ నా సొంతూరు. ఓడల్లో వంటింటి వైపూ, డైనింగ్ వైపూ పనిచేసి వచ్చాను. కంపెనీ పేరు అడగకండి. ఖాళీ కుర్చీ గురించి లోపలి సంగతి చెబుతా.

బయటికి కనిపించేది కుర్చీ. లోపల లెక్క వేరు. సూట్ రెస్టారెంట్‌కు ఓడలో ఎంతమంది సూట్ జనం ఉన్నారో ముందే తెలుసు. దాన్ని బట్టే వెయిటర్లు, దాన్ని బట్టే ఆ రోజు ఎన్ని ప్లేట్లు తయారుగా ఉంచాలన్నది. ఒక్కో వెయిటర్‌కు తన స్టేషన్, అంటే కొన్ని టేబుళ్లు. పెద్ద డైనింగ్ రూమ్‌లో కంటే ఇక్కడ టేబుళ్లు తక్కువ ఇస్తారు, ఎందుకంటే ఇక్కడి అతిథి "ఉల్లిపాయ లేకుండా, ఉప్పు తగ్గించి" అన్నా విని చేయాలి. ఆ స్టేషన్‌లోకి ఇద్దరు అదనంగా వస్తే, పక్క టేబుల్ వాళ్ల ప్లేటు ఆలస్యం. ఆ పక్క టేబుల్ వాళ్లూ మీ బావలాగే డబ్బు కట్టినవాళ్లు.

కొన్ని కంపెనీల్లో ఇంకా గట్టిగా ఉంటుంది. కునార్డ్ అనే ఓడల కంపెనీలో సూట్ వాళ్లకు క్వీన్స్ గ్రిల్, ప్రిన్సెస్ గ్రిల్ అని రెస్టారెంట్లు ఉన్నాయి, అక్కడ ప్రయాణమంతా మీ గదికి ఒక టేబుల్ కేటాయిస్తారు. మీరు ఏ వేళకు వచ్చినా అది మీదే, మీరు రాకపోతే ఖాళీగానే ఉంటుంది. ఎంఎస్‌సీ అనే ఇంకో కంపెనీ ఓడల్లో సూట్ వాళ్ల విభాగం, యాట్ క్లబ్‌లో రెస్టారెంట్, లాంజ్, ఈతకొలను అన్నీ తలుపు వెనకాలే, కార్డు లేనిదే తలుపే తెరుచుకోదు.

ఇప్పుడు అసలు మాట. సూట్ అతిథి నవ్వుతూ "మా మామయ్య, ఒక్క పూటే" అన్నప్పుడు వెయిటర్ కాదనలేడు. ప్రయాణం చివర అతిథులు నింపే సర్వేలో అతని పేరు ఉంటుంది. దాన్నిబట్టే తర్వాతి కాంట్రాక్టులో ఎక్కడ వేస్తారన్నది. ఔనంటే మేనేజర్ నిలదీస్తాడు, కాదంటే సర్వేలో దెబ్బ. మీ బావ అడగాలనుకుంటే వెయిటర్‌ను అడగొద్దని చెప్పండి. చేతిలో నోటు పెట్టి అసలే అడగొద్దు. సూట్ వాళ్ల అవసరాలు చూడ్డానికి కన్సియర్జ్ అని ఒకరుంటారు, కాదనడం కూడా వాళ్ల పనే. వాళ్లను ఒక్కసారి అడగాలి, కాదంటే అక్కడికి వదిలేయాలి.

డాలర్ శేషం

ఇది మంచి మాట. కన్సియర్జ్‌ను అడగడంలో నాకు తప్పు కనపడలేదు.

వడ్డేపల్లి గట్టు

మీరంతా ఓడ ఒప్పుకుంటుందా లేదా అనే చూస్తున్నారు. ఒప్పుకుంటే ఏమవుతుందో ఎవరూ చూడట్లేదు, మగవాళ్లు కదా.

కన్సియర్జ్ దయతలచి "ఇద్దరికైతే సరే" అన్నాడనుకోండి. బాపు, అమ్మ లోపలికి. ములుగురోడ్డు గారూ, మీరూ మీ ఆవిడా ఎక్కడ తింటారు? చిన్నక్క పిల్లలు "అమ్మమ్మ ఎటు పోయింది" అంటే ఏం చెబుతారు? పిల్లలకు ఓడలో గదుల తేడా పెద్దగా తెలియదు, కిటికీ ఉందా లేదా అని ఒక పూట అడిగి మర్చిపోతారు. అన్నం దగ్గర మర్చిపోరు. చిన్నల్లుడు అంతకంటే మర్చిపోడు. ఇంటికొచ్చాక ఆరు నెలల తర్వాత, వేరే ఏదో మాట మధ్యలో, "మాకు బఫే చాల్లే" అని వస్తుంది. అది మోయాల్సింది చిన్నక్క.

రూల్ కాదనడం మీ ఇంటికి మేలే. కంపెనీ మీద నెపం పెట్టి అందరూ ఒక టేబుల్ దగ్గర కూర్చోవచ్చు. ఔనంటేనే మీలో మీరు మనుషుల్ని ఎంచుకోవాల్సి వస్తుంది.

ఇంకోటి. పై రెస్టారెంట్‌లోకి కిందివాళ్లు పోలేరు కానీ, పైవాళ్లు అందరూ తినే కింది మెయిన్ డైనింగ్ రూమ్‌కు ఏ రాత్రయినా రావచ్చు. పెద్ద బావకు అది ఎందుకు తట్టలేదు?

డాలర్ శేషం

అమ్మా, అంత డబ్బు కట్టి దిగి రావాలా? అయితే సూట్ ఎందుకు?

వడ్డేపల్లి గట్టు

గది కోసం. బాల్కనీ కోసం. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం అక్కడే హాయిగా తినొచ్చు. రాత్రి ఒక్క పూట షష్టిపూర్తి పెద్దమనిషి పక్కన కూర్చుంటే సూట్ తగ్గిపోదు.

భీమారం బ్యాచ్

అందరూ ఒకచోట స్పెషల్‌గా తినాలంటే డబ్బు కట్టి తినే రెస్టారెంట్లు ఉన్నాయి, ఏ గది వాళ్లయినా పోవచ్చు. ఆ ఓడల్లో చాప్స్ గ్రిల్, ఒక ఇటాలియన్ రెస్టారెంట్ ఉంటాయి. చిన్నపిల్లలకు రేటు తక్కువ. పెద్ద బావ అందరికీ ఒక రాత్రి అక్కడ పెట్టించొచ్చు. మీ బాపు మాంసం తినరంటే చాప్స్ వద్దు, అది మొత్తం స్టీక్ వ్యవహారం.

ములుగురోడ్డు

బాపు శాకాహారే. అందుకే పెద్ద బావ కోస్టల్ కిచెన్ అంటున్నాడు, అక్కడ ఓపిగ్గా చేసిపెడతారని. కానీ మెయిన్ డైనింగ్ రూమ్‌లో మన శాకాహారం దొరుకుతుందని ఏజెంట్ కూడా చెప్పాడు.

గ్యాలీ నుంచి

దొరుకుతుంది. మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌కు చెబితే మరుసటి రాత్రి నుంచి పప్పు, కూర, అన్నం విడిగా తెచ్చిపెడతారు. వంటింట్లో మనవాళ్లు ఎంతమంది ఉంటారో మీరు ఊహించలేరు. బుకింగులన్నీ ఒకదానికొకటి లింక్ చేయించండి, భోజనం వేళ కూడా అందరూ ఒకటే ఎంచుకోండి. ఒకరు ఫిక్స్‌డ్ టైమ్ (రోజూ ఒకే వేళ), ఇంకొకరు మై టైమ్ (నచ్చిన వేళ) పెట్టుకుంటే ఒక టేబుల్ రాదు. ఓడెక్కినంక సర్దడం కష్టం.

కాజీపేట జంక్షన్

ఇంతమంది ఇన్ని మాటలన్నాం. బాపును ఎవరైనా అడిగారా?

ములుగురోడ్డు

అడిగాను. ఆయన మొహమాటపడి "నాకెందుకు ఇవన్నీ" అంటాడనుకున్నా. "అల్లుడు అంత ప్రేమగా పిలుస్తుంటే పోకుండా ఎట్లుంటా? చూద్దాం ఏం పెడతరో" అన్నాడు. అమ్మ అయితే ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకుంటోంది. ఇప్పుడు ఏం చేయాలి?

వడ్డేపల్లి గట్టు

పోండి మరి. ఆయన పండుగ, ఆయన ఇష్టం. కానీ నేనన్న మాట అట్లనే ఉంది, చిన్నక్కతో ముందే మాట్లాడండి.

భీమారం బ్యాచ్

ఒక దారి ఉంది కదా, ఎవరూ అనలేదు. జంక్షన్ అన్న పైనే చెప్పాడు, జూనియర్ సూట్ వాళ్లకు రాత్రి భోజనం కోస్టల్ కిచెన్‌లో ఉంటుందని. గెస్టుల్ని తీసుకుపోతానని ఓడలో ఎవర్నో బతిమాలే బదులు, బాపు అమ్మల బాల్కనీ గదిని జూనియర్ సూట్‌గా మార్పించమనండి. తేడా డబ్బు పెద్ద బావ కట్టుకుంటాడు. గది దొరికితే ఇప్పుడే మార్చాలి, ఆలస్యమైతే ఉండవు.

డాలర్ శేషం

శభాష్. అడిగినట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు.

సుబేదారి రిటైర్డ్ టీచర్

దీనికి నాకూ అభ్యంతరం లేదు. టికెట్ ఉన్నవాళ్లు తమ చోటికి తాము పోతున్నారు.

హంటర్ రోడ్ 2బీ

మొత్తం చదివాను. తిప్పి తిప్పి డబ్బున్న అల్లుడి మాటే నెగ్గిందిగా? చిన్న బావ అక్కడే, లోపలి గదిలోనే ఉన్నాడు. పద్ధతిగా చేశామని మీరంతా సంతోషపడుతున్నారంతే.

ములుగురోడ్డు

అన్నా, నిన్న రాత్రి చిన్నక్కతో గంటసేపు మాట్లాడాను. ఆమె అన్నది ఇది: "అమ్మానాన్నలకు గది మారి, వాళ్ల హక్కు కొద్దీ తింటే మాకేం బాధ? మా ముందు ఎవర్నో బతిమాలి, ఇద్దర్ని ఏరి తీసుకపోవుడే మా ఆయనకు నచ్చలే." చిన్న బావ మాత్రం ఒక షరతు పెట్టాడు. మిగతా రాత్రులన్నీ అందరూ కిందే, ఒకే టేబుల్. ఇటాలియన్ రెస్టారెంట్‌లో ఒక రాత్రి అందరి బిల్లు తను కడతాడట. పెద్ద బావ "నేను కడతా" అంటే ఒప్పుకోలేదు. దాని మీద ఇప్పుడు వాళ్లిద్దరికీ ఫోన్‌లో వాదన నడుస్తోంది.

జూనియర్ సూట్ ఉందో లేదో సోమవారం చెబుతానన్నాడు ఏజెంట్.

హంటర్ రోడ్ 2బీ

లేకపోతే?

ములుగురోడ్డు

లేకపోతే కన్సియర్జ్‌ను కూడా అడగం. పెద్ద బావతో ఆ మాట తీసుకున్నాను, ఇష్టంలేకుండానే ఒప్పుకున్నాడు.

గ్యాలీ నుంచి

గది మారితే బుకింగ్ లింక్ పోయిందో లేదో మళ్లీ చూసుకోండి, భోజనం వేళ కూడా. చాలామందికి అక్కడే తేడా కొడుతుంది.