‘యెహోవా తమకు దేవుడుగాగల జనులు ధన్యులు’: ఈ మాట దేశ ప్రకటనకు ఆధారమవుతుందా?

ప్రశ్న: ఒక దేశాన్ని అధికారికంగా ‘క్రైస్తవ దేశం’ అని ప్రకటించడానికి కీర్తన 33:12ను తరచుగా చూపుతారు. ఆఫ్రికాలోని జాంబియా రాజ్యాంగ పీఠికలో అలాంటి ప్రకటన ఉంది. ఇక్కడ ‘జనులు’ అంటే దేశమనే అర్థం చెప్పుకోవచ్చా?

జవాబు: సగం చదివి ఆపితే చెప్పుకోవచ్చండీ. రెండో పాదం కూడా చూడండి: ‘ఆయన తనకు స్వాస్థ్యముగా ఏర్పరచుకొను జనులు ధన్యులు’. ఏర్పరచుకునేది దేవుడు. తమను తాము ప్రకటించుకునే జనం ఆ కీర్తనలో లేదు. అక్కడున్నది ఇశ్రాయేలు. కొత్త నిబంధనలో ఆ బిరుదు ఎవరికి దక్కిందో 1 పేతురు 2:9లో ఉంది: ‘పరిశుద్ధ జనము’. ఆ పత్రిక ఎవరికి రాసిందో మొదటి వచనమే చెబుతుంది: పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ అను దేశములయందు చెదరిన యాత్రికులకు. దేశాలు అయిదు, జనము ఒకటే. సరిహద్దు గీసి ఆ మాటను ఒక రాజ్యానికి తగిలించడం కుదరదు.

మరొకరు: పైదానికి ఒక చేర్పు. ‘క్రైస్తవుడు’ అన్న మాట కొత్త నిబంధనలో మూడుసార్లే వస్తుంది: అపొ. కార్యములు 11:26, 26:28, 1 పేతురు 4:16. మూడుచోట్లా మనుషుల గురించే. మూడోచోట ఆ పేరు వల్ల బాధపడేవాడి గురించి.

ప్రశ్న అడిగినవారు: మరి మత్తయి 28:19లో ‘సమస్త జనులను శిష్యులనుగా చేయుడి’ అని ఉంది కదా? అక్కడ గ్రీకు మాట ‘ఎథ్నే’. అంటే జాతులే.

జవాబు: జాతులే. కానీ ఆ వెంటనే ‘వారికి బాప్తిస్మమిచ్చుచు’ దగ్గర వ్యాకరణం మారుతుంది. ‘ఎథ్నే’ నపుంసకలింగం. దాని తర్వాత వచ్చే సర్వనామం ‘ఔతూస్’ పుంలింగ బహువచనం. జాతులన్నిటి దగ్గరికీ వెళ్లమన్నాడు, బాప్తిస్మం మాత్రం ఆ జాతుల్లోని మనుషులకు. పార్లమెంటును నీళ్లలో ముంచలేం కదండీ.

మరొకరు: జాంబియా సంగతే దగ్గరగా చూద్దాం. 1991 డిసెంబరు 29న రాజధాని లుసాకాలోని అధ్యక్ష భవనంలో అప్పటి అధ్యక్షుడు ఫ్రెడరిక్ చిలూబా ఆ ప్రకటన చేశారు. ప్రజలందరి తరఫున పశ్చాత్తాపపడుతున్నానని కూడా అన్నారు. దానియేలు 9వ అధ్యాయంలో ప్రవక్త జనం తరఫున పాపాలు ఒప్పుకున్న మాట నిజమే. అయితే అప్పటికే దేవునితో నిబంధనలో, అంటే ఒడంబడికలో, ఉన్న జనం కోసం ఒప్పుకున్నాడు, బయటివాళ్లను నిబంధనలోకి తేలేదు. చిలూబా ప్రకటనకు దగ్గరి పోలిక 2 రాజులు 23:3. యూదా రాజు యోషీయా నిబంధన చేశాడు, జనమంతా సమ్మతించారు. అంత మంచి రాజు మరొకడు లేడని అదే అధ్యాయం 25వ వచనం అంటుంది. ఆ రాజు దినాల్లోనే వచ్చిన యిర్మీయా 3:10 యూదా ‘పైవేషమునకే గాని’ పూర్ణహృదయంతో తిరగలేదని తేల్చేసింది. ఈ రెండు అధ్యాయాలనూ పక్కపక్కన పెట్టి చదవకుండా ఈ విషయం మీద ప్రసంగం చెప్పకూడదని నా అభిప్రాయం.

పీఠికలోకి ఆ మాట 1996 సవరణతో వచ్చింది. అదే సవరణ అధ్యక్ష పదవికి పోటీ చేసేవారి తల్లిదండ్రులిద్దరూ పుట్టుకతోనో వంశపరంగానో జాంబియా జాతీయులై ఉండాలనే షరతూ తెచ్చింది. దానితో తొలి అధ్యక్షుడు కెన్నెత్ కౌండా పోటీకి దూరమయ్యారు. ఆయన తండ్రి ఇప్పటి మలావీ నుంచి వచ్చిన క్రైస్తవ బోధకుడు! లేవీయకాండము 19:34 పరదేశిని ‘మీలో పుట్టినవానివలె ఎంచవలెను’ అంటుంది. పీఠికలో పేరు చేరినచోటే ఈ ఆజ్ఞ పక్కకుపోయింది.

ప్రశ్న అడిగినవారు: అయితే రోమా 13:4లో అధికారిని ‘దేవుని పరిచారకుడు’ అన్నది?

జవాబు: ఆ పత్రిక రాసేనాటికి రోములో నీరో పాలన నడుస్తోంది. పౌలు ఆ మాట అన్నది విగ్రహారాధకుడైన పాలకుడి గురించే. అతని పని మేలు చేసినవారిని మెచ్చుకోవడం, కీడు చేసినవారిని శిక్షించడం. దానికి క్రైస్తవ బిరుదు అవసరమని పౌలు ఎక్కడా అనలేదు. జాంబియా ప్రస్తుత పీఠికలోనూ ‘క్రైస్తవ దేశం’ అన్న మాటకు మనస్సాక్షి స్వేచ్ఛను కాపాడతామన్న హామీ జతచేశారు, తమది బహుమతాల జాతి అని మరో వాక్యంలో ఒప్పుకున్నారు. ఈ రెంటినీ నిలబెట్టాలంటే మొదటి మాటకు చట్టబలం ఇవ్వకుండా ఉంచాల్సిందే.