అప్‌డేట్: జర్మనీకి పచ్చళ్లు, కుక్కర్, మిక్సీ

గుంటూరు నుంచి మాస్టర్స్‌కి జర్మనీ వెళ్తున్న తమ్ముడికి వంటసామాను ఏం సర్దాలని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. తేలిందేంటంటే:

నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి తీసేశాం. మాంసం, పాల పదార్థాలు ఇండియా నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి సామాన్లో తీసుకెళ్లకూడదు, ఇంట్లో చేసినవైనా సరే. నెయ్యికి బెంగ అక్కర్లేదు, అక్కడి సూపర్ మార్కెట్లో బుట్టర్‌ష్మాల్ట్స్ పేరుతో అమ్మేది దాదాపు అదే. పచ్చి కరివేపాకుకి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (చీడపీడలు లేవని ప్రభుత్వం ఇచ్చే పత్రం) కావాలి, దానికి బదులు కరివేపాకు కారప్పొడి కొట్టేయడం నయం. ఎండుకొబ్బరి చిప్పలు విమానంలోనే ఒప్పుకోరు, నూనె ఎక్కువ కాబట్టి నిప్పంటుకునే ప్రమాదం.

గోంగూర, ఆవకాయ చెకిన్ బ్యాగ్‌లోనే. సీసా అంచుదాకా కూరితే, పైన గాలి ఒత్తిడి తగ్గినప్పుడు మూత దగ్గర నూనె కక్కుతుంది. వేలెడు ఖాళీ వదలండి, తేలిన నూనె వంచేయండి, రెండు జిప్ కవర్లు వేయండి. చేరాక నూనె కాచి, చల్లార్చి పోసుకోవాలి, లేకపోతే బూజు పడుతుంది.

ఇండక్షన్ పొయ్యికి మామూలు అల్యూమినియం కుక్కర్ దండగ. అడుగున అయస్కాంతం అతుక్కునే స్టీలుది కొనండి. కరెంటు అక్కడా 230 వోల్టులే, ప్లగ్గే వేరు. 750 వాట్ల మిక్సీ మూడు ఆంపియర్లు దాటి లాగుతుంది, కాబట్టి అడాప్టర్ మీద కనీసం 6 ఆంపియర్లు (6A) అని ఉండాలి.

తాలింపు వేసేటప్పుడు కిటికీ తెరిచి, వంటగది తలుపు మూయాలట. హాస్టల్ కారిడార్లో పొగ అలారం మోగితే ఫైరింజన్ రావచ్చు, బిల్లు కూడా!