అమ్మతో, చిన్న పిల్లాడితో నీల్ ద్వీపానికి వెళ్లాలంటే ప్రయాణాన్ని ఎలా అమర్చుకోవాలి?

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం) అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. వచ్చే సంక్రాంతి సెలవుల్లో గానీ, అప్పుడు కుదరకపోతే ఏప్రిల్ నెలాఖరులో బడులు మూసిన వెంటనే గానీ అండమాన్ వెళ్లాలనుకుంటున్నాము. నాతో మావారు, మా అమ్మ, రెండో తరగతి చదువుతున్న మా బాబు వస్తారు. అమ్మకు డెబ్బై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లు దిగడం కష్టం గానీ, చదునైన నేల మీద నెమ్మదిగా చాలా దూరమే నడుస్తుంది.

ట్రావెల్స్ వాళ్లు చూపించిన ప్యాకేజీలన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నాయి. ఒక రాత్రి ఒక ద్వీపంలో, మరో రాత్రి ఇంకో ద్వీపంలో పడుకుని, పొద్దున్నే పెట్టెలు సర్దుకుని ఓడ ఎక్కాలి. మాకు ఆ పరుగులు వద్దు. జనం తక్కువగా ఉన్న ఒకే ద్వీపంలో దిగి, పూటకొకసారి సముద్రం ఒడ్డున కూర్చుని రావాలన్నదే మా కోరిక. హేవ్‌లాక్ కంటే నీల్ ప్రశాంతంగా ఉంటుందని విన్నాము. పైన చెప్పిన రెండు సమయాల్లో ఏది మంచిది, ఎన్ని రాత్రులు ఉండాలి, అమ్మ ఇబ్బంది పడకుండా చేరుకోగల తీరాలు ఏవి, బాబు నీళ్లలో ఆడుకోవడానికి భద్రమైన చోటు ఉందా అన్నవి నా సందేహాలు. అమ్మ శాకాహారి కాబట్టి భోజనం సంగతి కూడా తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ఫీనిక్స్ బే (పోర్ట్‌బ్లెయిర్) జవాబు:

నమస్కారమండీ. మాది శ్రీకాకుళం జిల్లా, మా తాతగారి కాలం నుంచి ఇక్కడే స్థిరపడ్డాము. మీరు కోరుకుంటున్న విధంగా గడపడానికి నీల్ సరైన ఎంపిక. ముందుగా పేర్ల సంగతి చెబుతాను. 2018 డిసెంబరులో నీల్‌కు శహీద్ ద్వీప్ అనీ, హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అనీ పేర్లు మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద కొన్నిచోట్ల పాత పేర్లు, కొన్నిచోట్ల కొత్త పేర్లు కనిపిస్తాయి కాబట్టి బుక్ చేసేటప్పుడు రెండూ గుర్తు పెట్టుకోండి.

సమయం విషయానికి వస్తే సంక్రాంతికే రండి. ఏప్రిల్ నెలాఖరుకు ఎండ, ఉక్కపోత బాగా పెరుగుతాయి. నైరుతి రుతుపవనాలు మన రాష్ట్రం కంటే ముందే, సాధారణంగా మే మూడో వారానికి, ఇక్కడికి వచ్చేస్తాయి. ఆ లోపలే బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే ఓడలు ఆపేస్తారు. జనవరిలో గాలి కొంత ఉన్నా వాన తక్కువ, రాత్రులు హాయిగా ఉంటాయి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం వరకు ఉండే రద్దీ కూడా అప్పటికి కొంత తగ్గుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఓడల విషయం. నీల్‌కు విమానం లేదు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రభుత్వ ఓడలో రెండు గంటలు, ప్రైవేటు ఓడలో అంతకంటే కొంచెం తక్కువ పడుతుంది. సముద్రం బాగా లేకపోతే ఏ ఓడా కదలదు, అది ఎవరి చేతిలోనూ ఉండదు. అందుచేత తిరుగు విమానం ఎక్కవలసిన రోజునే నీల్ నుంచి బయలుదేరే ఏర్పాటు ఎంతమాత్రం పెట్టుకోకండి. ముందు రోజు మధ్యాహ్నానికే పోర్ట్‌బ్లెయిర్ చేరుకుని, చివరి రాత్రి ఊళ్లోనే పడుకోండి. సెల్యులార్ జైలు చూడటం కూడా ఆ రోజుకే ఉంచుకుంటే, వెళ్లేటప్పుడు దాని కోసం ఒక పూట ఆగనక్కర లేదు. రాగానే ఒక రాత్రి, నీల్‌లో నాలుగు రాత్రులు, చివర మళ్లీ ఒక రాత్రి అనుకుంటే అమ్మగారికి అలసట ఉండదు. హేవ్‌లాక్‌ను పూర్తిగా వదిలేయమనే నా సలహా. రాధానగర్ తీరం అందమైనదే, కాదనను. కానీ దాని కోసం మరో రెండు ఓడలు ఎక్కిదిగడం మీరు కోరుకున్న విశ్రాంతిని హరిస్తుంది.

పోటుపాటు (భీమునిపట్నం) జవాబు:

పై సభ్యుడు చెప్పినవన్నీ సరైనవే. తీరాల గురించి నేను కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నీల్‌లో ఏ తీరానికి వెళ్లాలన్నది గడియారం కంటే సముద్రపు ఆటుపోట్లను బట్టి నిర్ణయించుకోవాలి. ప్యాకేజీల వాళ్లు దీన్ని పట్టించుకోకపోవడం వల్ల ఎంతోమంది నీళ్లు లేని వేళ భరత్‌పూర్ వెళ్లి నిరాశతో తిరిగి వస్తారు.

భరత్‌పూర్ తీరం జెట్టీ పక్కనే ఉంది. అక్కడ అడుగున పగడపు దిబ్బలు విస్తరించి ఉన్నందువల్ల నీరు చాలా దూరం వరకు లోతు తక్కువగా, మడుగులా నిలిచి ఉంటుంది. పోటు మీద ఉన్నప్పుడు బాబు ఆడుకోవడానికి ద్వీపం మొత్తంలో అంతకంటే మంచి చోటు లేదు. ఆటు వేళ అదే చోట పడవలు ఇసుకలో ఒరిగి ఉంటాయి, చీలమండల లోతు నీళ్లలో విరిగిన పగడపు ముక్కలు కాళ్లకు గుచ్చుకుంటాయి. బాబుకు నీళ్లలో వేసుకునే రబ్బరు చెప్పులు తప్పక కొనండి. గాజు అడుగు ఉన్న పడవలు కూడా అక్కడే దొరుకుతాయి కాబట్టి, అమ్మగారు నీళ్లలో దిగకుండానే పగడాలనూ చేపలనూ చూడవచ్చు. ఎక్కేచోట ఎవరైనా చేయి అందించాలి, అంతే.

లక్ష్మణ్‌పూర్ పేరుతో రెండు తీరాలు ఉన్నాయి, వాటిని కలగలపకండి. మొదటిది వెడల్పైన, చదునైన తెల్లని ఇసుక తీరం. సాయంత్రం అమ్మగారిని అక్కడికి తీసుకువెళ్లండి, సూర్యాస్తమయం అక్కడే బాగుంటుంది. జనవరిలో అక్కడ అయిదు గంటలు దాటగానే పొద్దు గూకుతుందని గుర్తుంచుకుని నాలుగింటికే చేరుకోవాలి. రెండవది సహజ శిలాతోరణం ఉన్న తీరం. దిగడానికి మెట్లు ఉన్నాయి, ఆ తరువాత పాచి పట్టిన రాళ్ల మీద నడవాలి. ఆటు వేళ ఆ రాళ్ల మధ్య గుంటల్లో నీరు నిలిచి, అందులో బొటనవేలంత చేపలు, పెంకు మోసుకుని తిరిగే సన్యాసి పీతలు, నల్లగా కదలకుండా పడి ఉండే సముద్రపు దోసకాయలు కనబడతాయి. స్థానిక కుర్రాళ్లు ఒక్కొక్కటీ వంగి చూపిస్తారు. మీరు, మీవారు బాబును తీసుకుని వంతుల వారీగా వెళ్లండి. అమ్మగారిని మాత్రం ఆ రాళ్ల మీదకు తీసుకువెళ్లవద్దు.

వేళ తెలుసుకోవడానికి పోర్ట్‌బ్లెయిర్ ఆటుపోట్ల పట్టిక చూడండి. ఈ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. ఇంట్లో ఉన్న పంచాంగం కూడా ఇక్కడ పనికివస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి అటూ ఇటూగా నీరు బాగా వెనక్కు పోతుంది కాబట్టి శిలాతోరణం చూడటానికి ఆ రోజులు మేలు. అష్టమి, నవమి దాటిన రోజుల్లో హెచ్చుతగ్గులు తక్కువగా ఉండి, భరత్‌పూర్‌లో పిల్లలకు సాఫీగా ఉంటుంది. సూర్యోదయానికి సీతాపూర్ వెళ్లండి గానీ, అక్కడ అలలు, ప్రవాహం ఎక్కువ కనుక బాబును నీళ్లలో దింపకండి. అండమాన్ జలాల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్న మాట వాస్తవం. 2010లో హేవ్‌లాక్ దగ్గర ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించారు. భయపడి ప్రయాణం మానుకోవలసినంత తరచుగా జరిగేది కాదు గానీ, హెచ్చరిక బోర్డు ఉన్నచోట, వాగు సముద్రంలో కలిసేచోట, చీకటి పడిన తరువాత నీళ్లలోకి వెళ్లకూడదు.

తులసికోట (వరంగల్) జవాబు:

మా అత్తగారిని తీసుకుని వెళ్లివచ్చినదాన్ని కాబట్టి భోజనం, మందుల సంగతి నేను చెబుతాను. నీల్‌లో ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు. హోటళ్లలో చేపల కూర ప్రధానం. అయినా ద్వీపమంతా కూరగాయల సాగు ఉంది, పోర్ట్‌బ్లెయిర్‌కు కూడా ఇక్కడినుంచే వెళతాయి. పొద్దున్నే చెబితే వంకాయో, సొరకాయో వేరుగా వండిపెడతారు. ఆవనూనె వాసన అమ్మగారికి పడకపోతే ఆ మాట కూడా ముందే చెప్పాలి. ఇంటినుంచి కందిపొడి, ఆవకాయ పట్టుకెళితే ఏ పూటా లోటు ఉండదు.

ద్వీపంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. అంతకు మించిన అవసరం పడితే పోర్ట్‌బ్లెయిర్‌కే రావాలి. అందువల్ల అమ్మగారి మందులు అనుకున్న రోజులకంటే ఒక వారం ఎక్కువకు సరిపడా తీసుకువెళ్లండి. సాయంత్రం ఇసుకలో చిన్న ఈగలు కుడతాయి, వాటి దద్దుర్లు రోజుల తరబడి దురద పెడతాయి. పొడవు చేతుల చొక్కాలు, కొబ్బరినూనె దగ్గర ఉంచుకోండి. నెట్‌వర్క్ మీద ఆధారపడకుండా చేతిలో నగదు ఉండాలి. బాబుకు ముందే ఒక మాట చెప్పండి: గవ్వలు, పగడపు ముక్కలు ఇంటికి తెచ్చుకోకూడదు. పగడాలు, అనేక రకాల గవ్వలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు వస్తాయి, విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసి తీసేసుకుంటారు.

గోదావరి గట్టు:

ఇంత వివరంగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. సంక్రాంతికే ఖాయం చేసుకుంటున్నాము, హేవ్‌లాక్ వదిలేస్తున్నాము. ఒక్క సందేహం మిగిలింది. అమ్మకు బస్సులో కూడా కడుపులో తిప్పుతుంది. ప్రభుత్వ ఓడ మంచిదా, ప్రైవేటు ఓడ మంచిదా?

ఫీనిక్స్ బే:

ప్రైవేటు ఓడలు వేగంగా వెళతాయి గానీ, ఏసీ గదిలో తలుపులు మూసి కూర్చోబెడతారు. తిప్పే స్వభావం ఉన్నవారికి అది ఇబ్బంది. ప్రభుత్వ ఓడలో పైన డెక్ మీద గాలి తగిలేలా నిలబడి, దూరాన ఉన్న తీరాన్ని చూస్తూ ఉంటే చాలావరకు సర్దుకుంటుంది. అయితే పైకి ఎక్కే మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. అమ్మగారి మోకాళ్లను దృష్టిలో పెట్టుకుంటే ప్రైవేటు ఓడలో ఉదయం వేళ, కింది అంతస్తులో మధ్య వరుస సీట్లు తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. డాక్టరును అడిగి, ఓడ ఎక్కడానికి అరగంట ముందు మాత్ర వేయించండి. ఖాళీ కడుపుతో కాకుండా రెండు ఇడ్లీలు తినిపించి తీసుకురండి. సంక్రాంతి వారానికి సీట్లు త్వరగా అయిపోతాయి కనుక విమానం టికెట్లు తీసుకున్న రోజే ఇవి కూడా తీసుకోండి. జెట్టీ దగ్గర అందరి గుర్తింపు కార్డులు చూస్తారు, బాబు ఆధార్ మరచిపోకండి.