కార్లు లేని సైకిల్ దారి, సముద్రపు కొండచరియలు: నార్మండీలో రెండూ ఒకే ప్రయాణంలో దొరుకుతాయా?

ప్రశ్న: మూసీ ఒడ్డు (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. వచ్చే జూన్‌లో మా అమ్మాయి దగ్గరికి నేనూ మా ఆవిడా లండన్ వస్తున్నాము. ఇద్దరికీ అరవై దగ్గరపడుతున్నా, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పలకల కప్పుతో ప్రారంభించిన 23 కిలోమీటర్ల ట్రాక్ పుణ్యమా అని సైకిల్ తొక్కడం బాగా అలవాటైంది. అయితే ఆ ట్రాక్ దిగి మామూలు రోడ్డెక్కగానే లారీలూ హారన్లూ మొదలవుతాయి. మా ఆవిడకు వెనుక నుంచి వాహనం వస్తున్న చప్పుడు వినిపిస్తే చాలు, హ్యాండిల్ బిగుసుకుపోతుంది.

ఇంగ్లాండ్ నుంచి ఓడ దాటితే ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో పల్లెల మీదుగా, తెల్లటి సుద్ద కొండచరియల వెంబడి సైకిల్ దారులు ఉన్నాయని చదివాను. రోజుకు 30 నుంచి 40 కిలోమీటర్లు, తొందర లేకుండా, నాలుగైదు రోజులు తిరగాలని మా ఆలోచన. నేను తెలుసుకోవాలనుకుంటున్నది ముఖ్యంగా ఒకటే: ఆ తీరం పొడుగునా కార్లు లేని దారి నిజంగా ఉందా, లేక పటంలో ఆకుపచ్చ గీత చూసి మోసపోతున్నామా? మేము శాకాహారులము, సైకిళ్ళు అక్కడే అద్దెకు తీసుకుంటాము. ఆ వైపు తిరిగినవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం: సేన్ లోయ (రువాఁ, ఫ్రాన్స్)

నమస్కారమండీ. మీ అనుమానం సరైనదే. నార్మండీలో కార్లు లేని దారీ, కొండచరియల అంచూ ఒకచోట కలవవు. ఇక్కడ కార్లు లేని దారుల్లో చాలా భాగం మూతపడిన రైలు మార్గాల మీద వేసినవి. రైలుకు ఎత్తుపల్లాలు పనికిరావు గనుక ఆ మార్గాలు నదీలోయలను పట్టుకుని లోపలికి వెళ్ళాయి. కొండచరియల తీరం మాత్రం ప్రతి కొన్ని కిలోమీటర్లకూ ఒక లోయతో తెగి ఉంటుంది. అందువల్ల ఇక్కడ మీరు రెండు ప్రయాణాలు చేయవలసి ఉంటుంది, కానీ రెండింటికీ తీరంలోని రేవు ఊరు దియెప్ ఒక్కటే మకాంగా సరిపోతుంది.

మొదటిది మీ ఆవిడగారికి నచ్చేది. లండన్, పారిస్ నగరాలను కలుపుతూ 2012లో ప్రారంభించిన 'అవన్యూ వెర్త్' అనే సైకిల్ మార్గంలో, దియెప్ నుంచి ఫోర్జ్ లె జో అనే ఊరి వరకు ఉన్న సుమారు 45 కిలోమీటర్ల భాగం దాదాపు అంతా పాత పారిస్–దియెప్ రైలు కట్ట మీదే సాగుతుంది. నున్నటి తారు, తెలిసీ తెలియని వాలు, పక్కన ఆవులు మేసే పచ్చిక, ఆపిల్ తోటలు, ఇళ్ళుగా మారిన పాత స్టేషన్లు. అడ్డంగా వచ్చే చిన్న రోడ్లు దాటేటప్పుడు తప్ప మోటారు చప్పుడు వినబడదు. 1589లో ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ యుద్ధం గెలిచిన ఆర్క్ లా బతాయ్ కోట శిథిలాలూ, మెనియేర్ అనే ఊళ్ళో పునరుజ్జీవన కాలపు కోటా దారిలోనే తగులుతాయి. మధ్యలో వచ్చే నూఫ్‌షాతెల్ హృదయాకారపు చీజ్‌కు పేరుపొందిన ఊరు. శాకాహారులమన్నారు కాబట్టి ఒక మాట: ఈ ప్రాంతపు సంప్రదాయ చీజ్‌లలో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడడం మామూలే, పట్టింపు ఉంటే అడిగి కొనండి. ఫోర్జ్ చేరాక వెనక్కి తొక్కే ఓపిక లేకపోతే, దగ్గరలోని సెర్కూ స్టేషన్‌లో రైలెక్కి రువాఁ మీదుగా దియెప్ తిరిగి రావచ్చు.

రెండోది కొండచరియల వైపు. ఇక్కడ పటం చదవడంలో జాగ్రత్త అవసరం. ఫ్రాన్స్‌లో 'వ్వా వెర్త్' అని గుర్తు పెట్టిన దారిలోకి మోటారు వాహనాలు రాకూడదు. 'వెలోరూత్' అని ఉంటే మాత్రం అది సైకిళ్ళకు సూచించిన మార్గమే గానీ, సగం పైగా కార్లు తిరిగే పల్లెరోడ్డు కావచ్చు. బ్రిటనీలోని రొస్కాఫ్ నుంచి డంకర్క్ దాకా దాదాపు 1,500 కిలోమీటర్లు సాగే 'వెలోమారితీమ్' ఈ తీరాన్ని దాటేది ఎక్కువగా అలాంటి రోడ్ల మీదే. జూన్ ఉదయాల్లో వాటి మీద కార్ల కన్నా ట్రాక్టర్లే ఎక్కువ కనబడతాయి, కానీ 'కార్లు లేని దారి' అని నేను హామీ ఇవ్వలేను.

అంచు వెంబడి వెళ్ళే సన్నటి బాట నడిచేవారిది. దాని మీదికి సైకిల్ తీసుకువెళ్ళవద్దు. ఇది మర్యాద కోసం చెబుతున్నది కాదు. కింద అలలు పునాదిని తొలుస్తుంటే, పైన వాననీరు సుద్దలోకి ఇంకి, శీతకాలంలో గడ్డకట్టి బీటలు పెంచుతుంది. అంచు సగటున ఏడాదికి 20 సెంటీమీటర్ల చొప్పున వెనక్కి జరుగుతుందంటారు గానీ, జరిగేది అంగుళం అంగుళంగా కాదు. ఏళ్ళ తరబడి కదలని చరియ ఒకనాడు ఇల్లంత ముక్కగా విరిగి పడుతుంది. సైకిల్‌ను వెనుక పార్కింగులో తాళం వేసి, అంచుకు దూరంగా నడిచి చూడడమే ఇక్కడి పద్ధతి.

దియెప్ నుంచి పడమరగా వారాంజ్‌విల్ వరకు ఒక పూట వెళ్ళి రండి. చిత్రకారుడు జార్జ్ బ్రాక్ సమాధి, ఆయన రూపొందించిన రంగు అద్దాల కిటికీ ఉన్న చర్చి అక్కడ చరియ అంచునే ఉంటుంది. మరో చిత్రకారుడు మోనే 1882లో వచ్చి మళ్ళీ మళ్ళీ చిత్రించిన తీరం కూడా ఇదే. ఇంకొంచెం ముందుకు వెళితే వూల్ లె రోజ్ వస్తుంది; ఊళ్ళోనే పుట్టి, కిలోమీటరుకు కాస్త పైగా ప్రవహించి, ఊరి చివర సముద్రంలో కలిసే నది అక్కడ ఉంది. ఈ దారిలో ప్రతి లోయలోకీ దిగి మళ్ళీ ఎక్కాలి. మీ వయసును తక్కువ చేయడం కాదు గానీ, ఈ ఒక్క పూటకు మాత్రం బ్యాటరీ సైకిల్ అద్దెకు తీసుకోండి.

జూన్‌లో రావడం మంచి ఆలోచన. తీరం వెనుక పీఠభూమి నిండా అవిసె చేలు నీలంగా పూసి ఉంటాయి. మన దగ్గర గింజ కోసం వేసే ఆ పంటనే ఇక్కడ నార కోసం వేస్తారు, లినెన్ బట్ట దాని నుంచే వస్తుంది. పువ్వు ఉదయం విచ్చుకుని మధ్యాహ్నానికి రాలిపోతుంది కాబట్టి పొద్దున్నే బయలుదేరితేనే ఆ నీలం కనిపిస్తుంది.

సమాధానం: కొండపల్లి బొమ్మ (కార్క్, ఐర్లాండ్)

పై సమాధానం చాలా బాగుంది, అయితే వీసా సంగతి ఎవరూ ఎత్తలేదు. భారతీయ పాస్‌పోర్టు మీద బ్రిటన్ సందర్శక వీసాతో ఫ్రాన్స్ వెళ్ళడం కుదరదు, ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే షెన్‌గెన్ వీసా వేరే తీసుకోవాలి. సందర్శకులుగా వచ్చినవారు దానికి లండన్‌లో దరఖాస్తు చేయబోతే సాధారణంగా తీసుకోరు గనుక, హైదరాబాద్‌లో ఉండగానే ఆ పని పూర్తిచేసుకోవాలి. వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం.

ఐర్లాండ్‌కు ఆ చిక్కు తక్కువ. భారతీయుల బ్రిటన్ సందర్శక వీసా మీద 'బీఐవీఎస్' (బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం) అన్న అక్షరాలు ఉంటే, ముందు బ్రిటన్‌లో అడుగుపెట్టి, తర్వాత అదే వీసాతో ఐర్లాండ్ రావచ్చు. టికెట్లు కొనేముందు మీ వీసాకు అది వర్తిస్తుందో లేదో మాత్రం సరిచూసుకోండి.

ఇక దారి సంగతి. ఆగ్నేయ ఐర్లాండ్‌లో వాటర్‌ఫర్డ్ నగరం నుంచి డన్‌గార్వన్ వరకు 46 కిలోమీటర్ల 'వాటర్‌ఫర్డ్ గ్రీన్‌వే' 2017లో తెరిచారు. ఇది కూడా పాత రైలు మార్గమే, 1878 నాటిది. కానీ నార్మండీ మార్గంలా లోపలే ఉండిపోకుండా ఇది చివరకు సముద్రం మీదికే తెరుచుకుంటుంది. మొదట షూర్ నది పక్కన, పర్యాటకుల కోసం నడిపే బుల్లి రైలుకు సమాంతరంగా వెళుతుంది. మధ్యలో కిల్‌మక్‌థామస్ దగ్గర ఎనిమిది కమానుల రాతి వంతెన, కుడివైపు కొమెరా కొండలు వస్తాయి. తర్వాత సుమారు 400 మీటర్ల సొరంగం. గోడల నిండా ఫెర్న్ మొక్కలు, చల్లటి తేమ ఉంటాయి, సైకిల్‌కు దీపం ఉంటే మంచిది. అది దాటి, 1922 అంతర్యుద్ధంలో పేల్చివేయగా మళ్ళీ కట్టిన బాలీవాయిల్ వంతెన మీదికి రాగానే సముద్రం దగ్గరవుతుంది. అక్కడి నుంచి డన్‌గార్వన్ దాకా ఎడమ చేతి వైపు అఖాతమే.

నార్మండీ తీరంలోని ఎత్రెతా సుద్ద కమానుల్లాంటి మహా చరియలు ఈ దారి మీద లేవని ఒప్పుకుంటాను. వాటికి సాటివచ్చేవి పక్కనే, ట్రమోర్ నుంచి డన్‌గార్వన్ వైపు సాగే 'కాపర్ కోస్ట్'లో ఉన్నాయి. అది 19వ శతాబ్దపు రాగి గనుల తీరం, ఇప్పుడు యునెస్కో జియోపార్కు. అక్కడ మళ్ళీ కార్ల రోడ్డే గతి, వంపులు కూడా ఎక్కువే. నా సలహా ఏమంటే గ్రీన్‌వేను రెండు రోజులుగా విడగొట్టి తొక్కండి, కాపర్ కోస్ట్‌ను టాక్సీలో చూడండి. సైకిల్ యాత్రలో టాక్సీ ఎక్కడం నామోషీ అనుకునేవారు ఉన్నారు, నాకు ఆ పట్టుదలలో అర్థం కనబడదు. గ్రీన్‌వేలో సైకిళ్ళు అద్దెకిచ్చేవారు, తొక్కి అలసిపోయినవారిని మొదలుపెట్టిన చోటికి చేర్చే బస్సులు కూడా నడుపుతారు.

మూసీ ఒడ్డు

ఇద్దరికీ ధన్యవాదాలు. షెన్‌గెన్ వీసా గురించి నిజంగానే ఆలోచించలేదు. జనవరిలోనే దరఖాస్తు ప్రయత్నం మొదలుపెడతాను, అది రాకపోతే వాటర్‌ఫర్డ్ ఖాయం. ఇంకో రెండు సందేహాలు. నార్మండీలో ఏ దిక్కుకు తొక్కితే గాలి అనుకూలిస్తుంది? రోడ్డుకు కుడివైపు నడవాల్సిన దేశంలో అద్దె సైకిల్ తీసుకునేటప్పుడు మేము గమనించవలసినవి ఏమైనా ఉన్నాయా?

సమాధానం: బ్రైటన్ బాటసారి (ఇంగ్లాండ్)

న్యూహేవెన్–దియెప్ ఓడ మా ఊరి పక్కనుంచే వెళుతుంది, ప్రయాణం సుమారు నాలుగు గంటలు. లండన్ విక్టోరియా నుంచి న్యూహేవెన్‌కు రైలులో గంటన్నర పడుతుంది.

గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. కాబట్టి దియెప్ నుంచి పడమరకు వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, తిరిగి వచ్చేటప్పుడు వెన్నుగాలి. ఒక పూట వెళ్ళిరావడానికి ఇదే మంచి వరుస, కష్టం ముందుగానే తీరిపోతుంది. తీరమంతా ఒకే దిక్కుకు తొక్కాలనుకునేవారు రైలులో లె ఆవ్ర్ వరకు వెళ్ళి, అక్కడి నుంచి ఎత్రెతా, ఫెకాఁ మీదుగా దియెప్ వైపు రావడం మేలు. వేసవిలో కొన్ని రైళ్ళలో సైకిల్‌కు కూడా ముందే చోటు కేటాయించుకోవాలి.

కార్లే లేని కొండచరియల చోటు కావాలంటే ఛానెల్ దీవుల్లో సార్క్ ఉంది. అక్కడ కార్లు నిషేధం. ట్రాక్టర్లు, గుర్రపు బళ్ళు, సైకిళ్ళే తిరుగుతాయి. దీవి రెండు ముక్కలను కలిపే 'లా కూపే' అనే సన్నటి కొండగట్టు మీది దారి సముద్రానికి సుమారు 80 మీటర్ల ఎత్తున, మూడు మీటర్ల వెడల్పున ఉంటుంది, అక్కడ సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్ళాలన్నది నిబంధన. అయితే దీవి మొత్తం ఐదారు చదరపు కిలోమీటర్లే. ఒకటి రెండు రోజులకు హాయిగా ఉంటుంది గానీ, రోజుకు 40 కిలోమీటర్లు తొక్కేవారికి త్వరలోనే దారులు అయిపోతాయి.

ఇక అద్దె సైకిల్ సంగతి. కుడివైపు నడవడం అర్ధగంటలో అలవాటైపోతుంది, తడబాటు వచ్చేది ఖాళీ పల్లెరోడ్డు మీద ఆగి మళ్ళీ బయలుదేరినప్పుడే. అంతకన్నా ముఖ్యమైనది బ్రేకు. మన దేశంలోనూ, బ్రిటన్, ఐర్లాండ్‌లలోనూ కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. ఫ్రాన్స్‌లో ముందు చక్రం బ్రేకు ఎడమచేతికి ఉంటుంది. లోయలోకి దిగే వాలులో పాత అలవాటు కొద్దీ ఎడమ బ్రేకును గట్టిగా నొక్కితే ముందుకు పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. దుకాణం వాకిట్లోనే రెండు బ్రేకులనూ విడివిడిగా నొక్కి చూడండి. అడిగితే తీగలు మార్చి బిగించి ఇచ్చేవారు కూడా ఉంటారు.

సేన్ లోయ

ఒక్క చేర్పు: ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం వరకు ఇక్కడి పల్లెల్లో దుకాణాలు చాలా మటుకు మూసి ఉంటాయి. శాకాహారులకు మిగిలిన రోజుల్లో బక్‌వీట్ (కుట్టు) పిండితో వేసే గాలెత్ అనే పల్చటి అట్టులో చీజ్, పుట్టగొడుగులు పెట్టించుకుంటే భోజనం గడిచిపోతుంది. ఆ ఒకటిన్నర రోజుకు మాత్రం రొట్టె, పండ్లు శనివారమే కొని సైకిల్ సంచిలో వేసుకోండి.